మా ఇల్లు, మా వీధి ఫ్రెంచిలో చెప్పాలంటే: గోదావరి డెల్టా నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచి పాఠ్యపుస్తకాల్లో ఇల్లంటే ప్యారిస్‌లో నాలుగో అంతస్తు అపార్ట్‌మెంటు. లిఫ్టు, బాల్కనీ, కింద బేకరీ ఉంటాయి. అమలాపురంలోనో పాలకొల్లులోనో కూర్చుని ఆ పాఠం బట్టీపట్టినవాళ్ళు, "మీ ఇల్లు ఎలా ఉంటుంది?" అని అడిగితే తమది కాని ఇంటి గురించి చెబుతారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగితే తడబడతారు. అరుగు, పెరడు, కాలవగట్టు, కొబ్బరితోట ఉన్న మన ఇంటిని చెప్పుకోవడానికి కావలసినవి ఇక్కడ ఇస్తున్నాం.

ఫ్రెంచి మాటల్ని తెలుగు లిపిలో ఎలా చదవాలి?

ముందు నాలుగు గుర్తులు తెలుసుకోవాలి. అరసున్న (ఁ) ఉన్నచోట అచ్చును ముక్కుతో పలకాలి. చివర 'న్' గాని 'మ్' గాని వినబడకూడదు. ఇల్లు 'మెౙోఁ', తోట 'జార్దెఁ'. పాత తెలుగు పుస్తకాల్లో వాడి మనం వదిలేసిన అరసున్న ఫ్రెంచికి సరిగ్గా పనికొస్తుంది.

రెండోది 'ౙ'. దీన్ని తేనెటీగ రొదలా పలకాలి. మామూలు 'జ' రాసినచోట 'ష'కు గొంతు కలిపినట్టు మెత్తగా పలకాలి. మూడోది '్యూ'. ఇందులో య లేదు. నోట్లో 'ఈ' పలుకుతూ పెదవులు మాత్రం 'ఊ'కు చుట్టినట్టు చుట్టాలి. వీధి అంటే 'ర్యూ'. ఇదే మాటను తెలుగు 'రూ' అని పలికితే చక్రం అవుతుంది. నాలుగోది ఇంగ్లీషు 'the' లాంటి మాట: 'లె' పొట్టిగా ఉంటే పుంలింగ ఏకవచనం, 'లే' దీర్ఘంగా ఉంటే బహువచనం; స్త్రీలింగ ఏకవచనానికి 'లా'.

ఈ రాత పలుకుబడి కోసమే. ప్రతి మాటకూ అసలు అక్షరక్రమం నోటుపుస్తకంలో పక్కనే రాసుకోవాలి, ఎందుకంటే ఫ్రెంచిలో రాసేవాటిలో చాలా అక్షరాలు పలకరు.

తెలుగువాళ్ళ పలుకులో ఎక్కువగా ఏది చెడుతుంది?

మాట చివర అచ్చు చేర్చడం. మనది అజంత భాష. బస్సు, రోడ్డు, బల్బు అని హల్లు మీద 'ఉ' పెట్టనిదే మన నోరు ఊరుకోదు. అదే అలవాటుతో 'కూర్' (లోపలి ముంగిలి) 'కూరు' అవుతుంది, 'పోర్త్' (తలుపు) 'పోర్తు' అవుతుంది. వినేవాళ్ళకు అక్కడ ఇంకో అక్షరం ఉన్నట్టు తోస్తుంది. దీనికి మందు: ఆ మాట పలికి, చివరి హల్లు దగ్గర నోరు ఆపి, లోపల రెండు లెక్కపెట్టి, తర్వాత నోరు తెరవండి. రోజుకు పది మాటల చొప్పున రెండు వారాలు చేస్తే పట్టుబడుతుంది.

రెండో తప్పు ఇంగ్లీషు నుంచి వస్తుంది. 'టేబుల్' అన్నట్టే 'టాబ్ల్' అంటారు. ఫ్రెంచి త, ద పళ్ళకు నాలుక తగిలించి పలికేవి, అచ్చం మన త, ద లాగే. కాబట్టి 'తాబ్ల్'. ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ళకన్నా మనకే సులువు. మన ప, త, క ఒత్తు లేకుండా పలుకుతాం, వాళ్ళూ అంతే. ఇంగ్లీషు మరచిపోయి తెలుగులోంచి నేరుగా వెళ్ళండి. 'ర' గొంతులోంచి రాకపోతే దిగులు పడకండి, నాలుకతో పలికినా అర్థమవుతుంది.

ఇక సంధి గురించి. చెట్లు 'ఆర్బ్ర్', 'లే' చేర్చితే 'లేౙార్బ్ర్'. మనం ఉంటాం: 'నూ' + 'అబితోఁ' = 'నూౙబితోఁ'. 'రాముడు + అతడు' కలిపి పలికే మనకు ఇది కొత్త కాదు. మాటల్ని విడివిడిగా నరికి పలకడమే ఇక్కడ తప్పు.

"ఉంది"కి ఫ్రెంచిలో ఒకచోట 'ఇల్యా', ఒకచోట 'ఎ' వస్తుంది. ఎప్పుడు ఏది?

ఈ పాఠం మొత్తానికి ఇదే గుండెకాయ. తెలుగులో "పెరట్లో నుయ్యి ఉంది", "నుయ్యి పెరట్లో ఉంది" రెంటికీ ఒకటే క్రియ. మాటల వరుస మార్చి అర్థం తిప్పుతాం. ఫ్రెంచిలో క్రియే మారుతుంది.

వినేవాడికి కొత్త వస్తువును చూపిస్తుంటే 'ఇల్యా': "దాఁ లె జార్దెఁ, ఇల్యా అఁ ప్వి" (పెరట్లో ఒక నుయ్యి ఉంది). ఆ వస్తువు ముందే తెలిసి, అది ఎక్కడుందో చెబుతుంటే 'ఎ' లేదా 'సె త్రూవ్': "లె ప్వి ఎ దెర్యెర్ లా మెౙోఁ" (నుయ్యి ఇంటి వెనక ఉంది). గమనించండి: 'ఇల్యా' తర్వాత 'అఁ' (పుంలింగంలో "ఒక"), 'యూన్' (స్త్రీలింగంలో "ఒక"), 'దే' (కొన్ని) గాని అంకె గాని వస్తుంది. రెండో రకం వాక్యంలో వస్తువు ముందే వచ్చి 'లె, లా, లే' తగిలించుకుంటుంది. తెలుగులో "ఒక" పెట్టినా సహజంగా ఉంటే అది మొదటి రకమని సరిచూసుకోవచ్చు.

లేదు అనాలంటే 'ఇల్ న్యా పా దె'. అప్పుడు 'అఁ', 'యూన్' పోయి 'దె' మిగులుతుంది: "ఇల్ న్యా పా దె ప్వి". నుయ్యి లేదు. "పా అఁ ప్వి" అనడం మనవాళ్ళు తరచుగా చేసే తప్పు.

మరో చిక్కు: "మా ఇల్లు పెద్దది" అనే మాటలో తెలుగుకు క్రియే అక్కర్లేదు. అందుకే "నోత్ర్ మెౙోఁ గ్రాఁద్" అని వదిలేస్తారు. మధ్యలో 'ఎ' ఉండి తీరాలి: "నోత్ర్ మెౙోఁ ఎ గ్రాఁద్".

నిర్జీవమైన వస్తువుకు లింగం ఏమిటి? ఎలా గుర్తుంచుకోవాలి?

కారణం వెతకకండి. తెలుగులో మగవాణ్ణి విడిచి మిగతావన్నీ "అది". ఫ్రెంచిలో గోడ మగ, తలుపు ఆడ. మాటను ఒంటరిగా ఎప్పుడూ రాసుకోకూడదు. 'పోర్త్' కాదు, 'యూన్ పోర్త్' అని రాసుకోవాలి. 'లా' కన్నా 'యూన్' మేలు, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాట ముందు లె, లా రెండూ 'ల్'గా కుదించుకుపోయి లింగం కనబడదు: బడి 'లేకోల్', చర్చి 'లేగ్లీౙ్'.

చివరి ధ్వనిని బట్టి కొంత ఊహించవచ్చు. '-ఆజ్'తో ముగిసేవి పుంలింగం: విలాజ్ (పల్లె), ఏతాజ్ (మేడ అంతస్తు). అంతర్వేది దగ్గర ఇసుక తీరం చెప్పాలంటే మాత్రం జాగ్రత్త, 'ప్లాజ్' స్త్రీలింగం. '-మాఁ', '-వార్' పుంలింగం: అపర్తమాఁ, కూల్వార్ (నడవా). '-యెర్' స్త్రీలింగం: రివ్యెర్, రిౙ్యెర్ (వరిచేను), 'సిమెత్యెర్' (శ్మశానం) దీనికి మినహాయింపు. చెట్ల పేర్లు '-యే'తో ముగిస్తే పుంలింగం: కోకోత్యే (కొబ్బరిచెట్టు), మాఁగ్యే (మామిడి), బనన్యే (అరటి).

గది అంటే 'షాఁబ్రా', 'ప్యెసా', 'సాలా'?

మూడూ, వేరువేరుగా. 'షాఁబ్ర్' పడకగది మాత్రమే. "మా ఇంట్లో నాలుగు షాఁబ్ర్" అంటే నాలుగు పడకగదులని అర్థమై, ఎదుటివాళ్ళు మీది భవంతి అనుకుంటారు. ఏ గదైనా లెక్కలోకి రావాలంటే 'ప్యెస్'. 'సాల్' ఒంటరిగా ఇంట్లో వాడరు, పక్కన పని పేరు ఉండాలి: 'సాల్ దె బెఁ' స్నానాలగది, 'సాల్ దె ప్రియెర్' పూజగది. మరుగుదొడ్డి ఒక్కటే అయినా బహువచనం: 'లే త్వాలెత్'. వంటిల్లు 'లా క్విౙీన్'.

మనం అనే "హాలు" ఫ్రెంచిలో 'సలోఁ' లేదా 'సేజూర్'. అక్కడ 'ఓల్' అంటే గుమ్మం దాటగానే వచ్చే ప్రవేశం, హోటల్ లాబీ లాంటిది. "ఓల్‌లో టీవీ చూస్తాం" అంటే చెప్పులు విడిచేచోట కూర్చున్నట్టు వినబడుతుంది.

అద్దె ప్రకటనల్లో 'తె త్రువా' (T3) అనే గుర్తు కనిపిస్తే మూడు ముఖ్యమైన గదులని అర్థం. వంటిల్లు, స్నానాలగది, మరుగుదొడ్డి లెక్కలో ఉండవు. అంటే మన టూ బీహెచ్‌కే వాళ్ళకు 'తె త్రువా'.

పెంకుటిల్లు, మండువా లోగిలి, అరుగు: వీటికి ఫ్రెంచి మాటలున్నాయా?

ఒక్క మాటలో లేవు. కానీ రెండు మూడు మాటలు కూరిస్తే కళ్ళకు కట్టినట్టు వస్తుంది. 'ఓ' తోనో 'ఆ' తోనో ఇంటికి గుర్తు తగిలిస్తారు. పెంకుటిల్లు: 'యూన్ మెౙోఁ ఓ త్వా దె త్వీల్' (పెంకుల కప్పున్న ఇల్లు). మండువా లోగిలి: 'యూన్ మెౙోఁ ఆ కూర్ ఎఁతేర్యోర్' (లోపలి ముంగిలి ఉన్న ఇల్లు). తాటాకిల్లు: 'యూన్ మెౙోఁ ఓ త్వా దె పాల్మ్'. డాబా ఇంటిని 'యూన్ మెౙోఁ ఆఁ ద్యూర్' అంటే గట్టి కట్టడమని తెలుస్తుంది. డాబా మీద పడుకుంటామని చెప్పాలంటే 'స్యూర్ లా తెరాస్'.

అరుగుకు 'వేరాఁదా' అనేయకండి, అది వసారా. "దెవాఁ లా పోర్త్, ఇల్యా అఁ బాఁ ఆఁ మాసోన్రీ" (తలుపు ముందు కట్టుబడి బల్ల ఉంది) అని, "సాయంత్రం పెద్దవాళ్ళు అక్కడ కూర్చుంటారు" అని ఇంకో వాక్యం చేర్చండి. ఆ రెండో వాక్యమే అరుగును అరుగు చేస్తుంది. మన మాటను అలాగే ఉంచి వెంటనే వివరించడం కూడా మంచి పద్ధతే. గాదెకు 'గ్రెన్యే' ఉంది. ఆ మాటకు మొదటి అర్థం ధాన్యం దాచేచోటే, కానీ ఈనాటి ఫ్రాన్స్‌లో అది అటక. అందుకని 'గ్రెన్యే ఆ రీ' (వడ్లు, బియ్యం దాచేది) అనండి. పశువుల పాక 'యూనేతాబ్ల్'.

పక్కన, ఎదురుగా, వెనక: వరుస ఎందుకు తారుమారవుతుంది?

మనం "గుడి వెనక" అంటాం, వాళ్ళు "వెనక గుడి" అంటారు. 'దెర్యెర్ లె తాఁప్ల్'. వాక్యం తయారుచేసేటప్పుడు ముందు చోటును తలచుకుని, తర్వాత వస్తువును చెప్పండి.

అసలు ఇబ్బంది 'దె' (మన "యొక్క" లాంటిది) దగ్గర. దెవాఁ (ముందు), దెర్యెర్ (వెనక), స్యూర్ (మీద), సూ (కింద), దాఁ (లో), ఆఁత్ర్ (మధ్య): వీటికి 'దె' అక్కర్లేదు. ఆ కోతే (పక్కన), ఆఁ ఫాస్ (ఎదురుగా), ప్రె (దగ్గర), ల్వెఁ (దూరంగా), ఓ బోర్ (గట్టున, ఒడ్డున), ఓ బూ (చివర): వీటికి 'దె' తప్పదు. ఆ 'దె' తర్వాత 'లె' వస్తే రెండూ కలిసి 'ద్యూ', 'లే' వస్తే 'దే'. స్త్రీలింగం మారదు.

గుడి పక్కన: ఆ కోతే ద్యూ తాఁప్ల్.
మసీదు పక్కన: ఆ కోతే దె లా మోస్కే.
బడి పక్కన: ఆ కోతే దె లేకోల్.
వరిచేల పక్కన: ఆ కోతే దే రిౙ్యెర్.

'స్యూర్', 'సూ' చెవికి దగ్గరగా ఉంటాయి. పెదవులు చుట్టి 'ఈ' పలకకపోతే "పిల్లి మంచం మీద" కాస్తా "మంచం కింద" అయిపోతుంది.

కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుందో చెప్పడానికి ఒక చక్కని పలుకుబడి ఉంది, 'దోన్ స్యూర్'. "మా షాఁబ్ర్ దోన్ స్యూర్ లె కనాల్" అంటే "నా గది కాలవ వైపు తెరుచుకుంటుంది". మొదటి నెలలోనే నేర్చుకోదగ్గ మాట ఇది.

గోదావరి, కాలవలు, లంకలు ఎలా చెప్పాలి?

నదికి ఫ్రెంచిలో రెండు మాటలు. సముద్రంలో కలిసేది 'ఫ్లోవ్', మరో నదిలో కలిసేది 'రివ్యెర్'. గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది కనుక 'అఁ ఫ్లోవ్'. శబరి గోదావరిలో కలుస్తుంది కనుక 'యూన్ రివ్యెర్'. 'ఫ్లోవ్' పుంలింగమే అయినా నది పేరు చెప్పేటప్పుడు 'లా గోదావరీ' అంటారు. ధవళేశ్వరం దిగువన చీలిన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో ఒక్కొక్కటీ 'అఁ బ్రా'. బ్రా అంటే చెయ్యి. నది చేతులు చాచినట్టు అన్నమాట.

కాలవ 'అఁ కనాల్', బహువచనంలో మాట మారి 'దే కనో'. లాకు 'యూనేక్ల్యూౙ్', ఏటిగట్టు 'యూన్ దీగ్', వంతెన 'అఁ పోఁ', చెరువు 'అఁనేతాఁ', రొయ్యల చెరువు 'అఁ బాసెఁ దెల్వాజ్ దె క్రెవెత్'. రేవు 'అఁనాఁబార్కదెర్', పంటు 'అఁ బాక్'. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్ళే దారి చెప్పాలంటే ఈ రెండూ కావాలి.

లంక ఊరివాళ్ళు 'దాఁ' వాడకూడదు. దీవికి 'స్యూర్' వాడతారు: "జబిత్ స్యూర్ యూనీల్ దె లా గోదావరీ" (గోదావరి లంకలో ఉంటాను). వరద గురించి చెప్పాలంటే 'లినోఁదాస్యోఁ', తుపాను 'లె సిక్లోన్'. కొబ్బరితోటకు 'కోకోత్రె' అనే విడి మాట ఉంది, స్త్రీలింగం. దాన్ని 'జార్దెఁ' అంటే ఇంటి పూలతోట అనుకుంటారు.

"మా ఊరు"కు ఏ మాట?

ఊరు అనే మాటలో పల్లె, పట్నం, నగరం అన్నీ ఇమిడిపోతాయి. ఫ్రెంచిలో తేల్చుకోవాలి: పల్లె 'అఁ విలాజ్', పట్టణమైనా నగరమైనా 'యూన్ విల్'. పేట 'అఁ కార్త్యే', వీధి 'యూన్ ర్యూ', సందు 'యూన్ ర్యుయెల్', ఊళ్ళ మధ్య రోడ్డు 'యూన్ రూత్'.

మన "సెంటర్" అనే మాట దగ్గర ఆగండి. నాలుగు రోడ్ల కూడలిని మనం సెంటర్ అంటాం. ఫ్రెంచిలో 'సాఁత్ర్' అంటే పట్నం నడిబొడ్డు. కూడలికి 'కార్‌ఫూర్' వాడాలి. అమలాపురం గడియారస్తంభం సెంటర్ అయితే 'లె కార్‌ఫూర్ దె లా తూర్ దె లోర్లోజ్'.

పేరున్న ఊరికి 'ఆ': 'జబిత్ ఆ భీమవరం'. దేశానికి 'ఆఁనెఁద్'. "మా ఇంట్లో" అనడానికి 'షే మ్వా'. 'షే' తర్వాత మనుషులే రావాలి: అమ్మమ్మగారింట్లో 'షే మా గ్రాఁమెర్'. నాన్నమ్మకూ అదే మాట. 'షే లా మెౙోఁ' అనేది లేదు, 'ఆ లా మెౙోఁ' అనాలి.

మోసం చేసే మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

'లిబ్రెరీ' పుస్తకాల కొట్టు, గ్రంథాలయం 'బిబ్లియోతెక్'. 'కావ్' నేలమాళిగ, గుహ కాదు. 'లొకాస్యోఁ' అద్దెకివ్వడం, చోటు కాదు. కిరాణా కొట్టు 'ఏపిస్‌రీ'.

విశేషణం ముందా, వెనకా?

రంగులు, దేనితో కట్టారో చెప్పే మాటలు, చాలా గుణాలు వెనక: 'యూన్ మెౙోఁ బ్లాఁష్' (తెల్ల ఇల్లు). పెద్ద, చిన్న, అందమైన, పాత, కొత్త లాంటి కొద్ది మాటలు మాత్రం మన వరుసలోనే ముందు: 'యూన్ గ్రాఁద్ మెౙోఁ'.

స్త్రీలింగంలో చివర దాగిన హల్లు బయటికొస్తుంది: గ్రాఁ/గ్రాఁద్, పెతి/పెతిత్, వెర్/వెర్త్ (పచ్చని). పలుకులోనే లింగం వినబడుతుంది కనుక దాన్ని మింగేయకూడదు.

దారి చెప్పేటప్పుడు ఏం జాగ్రత్త?

'తూ ద్ర్వా' తిన్నగా, 'ఆ ద్ర్వాత్' కుడివైపు. చివరి 'త్' ఒక్కటే తేడా. అది వినబడకపోతే వచ్చేవాడు కుడికి తిరగడు, తిన్నగా కాలవ దాకా పోతాడు. ఎడమ 'ఆ గోష్', తికమక లేదు.

"త్రవెర్సే లె పోఁ, తూర్నే ఆ ద్ర్వాత్, కోఁతిన్యుయే జ్యూస్కో తాఁప్ల్": వంతెన దాటండి, కుడికి తిరగండి, గుడి దాకా వెళ్ళండి. ఇది 'వూ' రూపం, మన "మీరు". పెద్దవాళ్ళకూ కొత్తవాళ్ళకూ ఇదే. స్నేహితులకు 'త్యూ', అంటే "నువ్వు".

మనం దిక్కులతో దారి చెబుతాం. తూర్పు ముఖం ఇల్లు: 'లా మెౙోఁ ఎతోర్యాఁతే ఆ లెస్త్'. "ఉంది" అనే 'ఎ'కూ తూర్పు అనే 'ఎస్త్'కూ అక్షరాలు ఒకటే. తూర్పు అయితే చివరి హల్లులు రెండూ పలకాలి.

సెంట్లు, గజాలు, చదరపు అడుగులు చెబితే అర్థమవుతుందా?

అర్థం కావు. 'మెత్ర్ కారే', అంటే చదరపు మీటర్లలోకి మార్చాలి. సెంటు 40.47, చదరపు గజం 0.836. 1,000 చదరపు అడుగులు సుమారు 93. కాబట్టి 5 సెంట్ల స్థలం సుమారు 200 చదరపు మీటర్లు. పొలానికి హెక్టారు: ఎకరం 0.405 హెక్టారు.

యానాం దగ్గరే కదా, అక్కడ వింటూ నేర్చుకోవచ్చా?

యానాం 1954 నవంబరు 1న మిగతా ఫ్రెంచి స్థావరాలతో పాటు భారత్ చేతికి వచ్చింది. లాంఛనంగా బదిలీ జరిగింది 1962 ఆగస్టు 16న. ఊరి భాష అప్పుడూ ఇప్పుడూ తెలుగే. కనుక వీధిలో ఫ్రెంచి వినాలని ఎదురుచూడకండి. చదువుకు మాత్రం పనికొస్తుంది. పాత ఫ్రెంచి పుస్తకాల్లో, పటాల్లో దాని పేరు 'యనఓఁ' అని ఉంటుంది. ఆ పేరుతో వెతికితే మన గౌతమి ఒడ్డు గురించి ఫ్రెంచివాళ్ళే ఏ మాటలు వాడారో చూడవచ్చు.

డెల్ఫ్ ఏ1 (ఫ్రెంచి భాషలో మొదటి మెట్టు) పరీక్షకు ఎంత కావాలి?

రాత భాగంలో ఒక ఫారం నింపాలి, తర్వాత కనీసం 40 మాటల చిన్న రచన చెయ్యాలి. ఖాళీల మధ్య ఉన్నదంతా ఒక మాట: 'జబిత్' ఒకటే, 'ఇల్యా' రాతలో మూడు. మౌఖికం మొదట్లో మీ గురించి, మీ ఇంటి గురించి అడగడం మామూలే. మొత్తం 100కు 50 రావాలి, ఏ భాగంలోనూ 25కు 5 తగ్గకూడదు.

కింది నమూనా 53 మాటలు:

జబిత్ దాఁౙఁ విలాజ్ ద్యూ దెల్తా దె లా గోదావరీ. నోత్ర్ మెౙోఁ ఎ గ్రాఁద్ ఏ ఆఁస్యెన్. ఎల్ ఆ అఁ త్వా దె త్వీల్ ఏ యూన్ కూర్ ఓ మిల్యొ. ఇల్యా కాత్ర్ ప్యెస్. మా షాఁబ్ర్ దోన్ స్యూర్ లె జార్దెఁ. దెర్యెర్ లా మెౙోఁ, ఇల్యా అఁ ప్వి ఏ ది కోకోత్యే. లె కనాల్ ఎతా కోతే.

(గోదావరి డెల్టాలో ఒక పల్లెలో ఉంటాను. మా ఇల్లు పెద్దది, పాతది. పెంకుల కప్పు, నడుమ ముంగిలి ఉన్నాయి. నాలుగు గదులు. నా గది తోట వైపు తెరుచుకుంటుంది. ఇంటి వెనక ఒక నుయ్యి, పది కొబ్బరిచెట్లు ఉన్నాయి. కాలవ పక్కనే.)

పది అనే అంకె హల్లు ముందు 'ది', అచ్చు ముందు 'దిౙ్', ఒంటరిగా 'దీస్'. కాలవ ఇక్కడ మొదటిసారే వస్తోంది కదా, 'లె' ఎందుకంటే, డెల్టా పల్లెలో కాలవ ఉండటం వినేవాడికి వింత కాదు.

ఇంట్లో ఒక్కళ్ళమే సాధన చేసేదెలా?

ఒక తెల్లకాగితం మీద మీ ఇంటి ప్లాను గీయండి. వీధి గుమ్మం నుంచి పెరటి తలుపు దాకా నడుస్తూ, ప్రతి గదిలో ఒక 'ఇల్యా' వాక్యం, దాని వెంట ఒక 'ఎ' వాక్యం చెప్పి ఫోనులో రికార్డు చెయ్యండి. వారానికి పది కొత్త పేర్లు చాలు, కానీ 'అఁ', 'యూన్' లేనిదే ఒక్కటీ రాయవద్దు. మర్నాడు రికార్డు వింటూ మూడే చూసుకోండి: మాట చివర 'ఉ' చేరిందా, 'ఎ' తప్పిపోయిందా, 'దె' తర్వాత 'లె' విడిగా మిగిలిపోయిందా. ఇల్లు పూర్తయ్యాక అదే కాగితం వెనక వీధి గీసి, గుమ్మం దగ్గర్నుంచి కాలవగట్టు దాకా మళ్ళీ అలాగే చెప్పండి.